పెళ్లి భోజనం నుంచి జన్యువు దాకా: బేదుల బ్యాక్టీరియాను చదివే పద్ధతి

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పిల్లలు ఏటా ఒకరిద్దరు నా దగ్గరికి వస్తారు. "సార్, ప్రాజెక్టుకి జీనోమ్ సీక్వెన్సింగ్ చేద్దామనుకుంటున్నాం" అంటారు. అంటే ఒక జీవి డీఎన్‌ఏ మొత్తాన్ని అక్షరం అక్షరంగా చదవడం. దేనిది అని అడిగితే "ఈ కొలై" అని పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా పేరు చెప్తారు. ఎక్కణ్నుంచి తెస్తారు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఏదో ఒక హాస్పిటల్ నుంచి" అంటారు.

ఆ "ఏదో ఒక" దగ్గరే సగం ప్రాజెక్టులు పోతాయి. తిండి వల్ల వచ్చే విరేచనాల బ్యాక్టీరియా జన్యువులను శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట కూర్చుని ఎలా చదవాలో, శాంపిల్ తీసుకున్న రోజు నుంచి వంశవృక్షం గీసిన రోజు దాకా వరసగా చెప్తాను. మీ కాలేజీలో సీక్వెన్సింగ్ మెషిన్ లేదని బెంగ అక్కర్లేదు. డీఎన్‌ఏ గొట్టం విశాఖకో హైదరాబాదుకో వెళ్తుంది, జవాబు మెయిల్‌లో వస్తుంది. అలా తెప్పించుకోలేనిది ఒక్కటే ఉంది. ఆ బ్యాక్టీరియా ఏ మనిషి కడుపులోంచి, ఏ రోజున, ఏం తిన్నాక బయటికొచ్చిందన్న సంగతి. అది ఇక్కడే, మీ చేత్తో, మీ నోట్‌బుక్‌లో పడాలి.

మాట్లాడుకోవడానికి ఒక కేసు ఊహించుకుందాం. కళింగపట్నం వైపు ఒక ఊళ్లో పెళ్లి. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనాలు: పులిహోర, కోడికూర, రొయ్యల వేపుడు, పెరుగు. ఆ అర్ధరాత్రి నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా ముప్పై మందికి కడుపు పాడైంది. ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచుతోంది. పీహెచ్‌సీ డాక్టరు మీకు ఫోన్ చేశారు.

మొదటి అడుగు: గడియారం చూడండి

ల్యాబ్ కోటు తొడుక్కునే ముందు పదిమందిని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. ఏ టైముకి తిన్నారు? ఏ టైముకి మొదలైంది? మూడోది మా వైపు మాటల్లోనే అడగాలి: "మామ్మా, ముందు డోకొచ్చిందేటి, బేదయిందేటి?" "గ్యాస్ట్రో ఎంటరైటిస్ లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి" అంటే మామ్మ మిమ్మల్ని ఎగాదిగా చూస్తుంది.

తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటే స్టాఫిలోకాకస్ ఆరియస్ విషమో, బాసిల్లస్ సీరియస్ వాంతి విషమో అని అనుమానించాలి. రెండోది అన్నానికి పాత చుట్టం. వండిన అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి గంగాళంలో ఉంచితే అది పెరిగి సెరూలైడ్ అనే విషాన్ని వదులుతుంది. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. ఎనిమిది నుంచి పదహారు గంటల్లో కడుపునొప్పి, బేదులు వచ్చి వాంతులు పెద్దగా లేకపోతే క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. పెద్ద డేగిశాల్లో వండి నెమ్మదిగా చల్లారిన మాంసం దాని స్థావరం. పన్నెండు నుంచి ముప్పై ఆరు గంటలు, జ్వరంతో కలిసి వస్తే సాల్మొనెల్లా. రెండు నుంచి అయిదు రోజులు పట్టి, మలంలో రక్తం కనిపిస్తే కాంపిలోబాక్టర్. సముద్రపు తిండి తిన్నాక పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో నీళ్ల విరేచనాలు మొదలైతే విబ్రియో పారాహీమోలిటికస్.

ఇవి గీత గీసినట్టు ఉండవు, ఒకదాని మీదొకటి పడతాయి. అయినా మన పెళ్లి కేసులో గడియారం రొయ్యల వైపు వేలు చూపిస్తోంది. నీళ్లను మాత్రం మర్చిపోవద్దు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు అనుమానం ప్రధానంగా తాగునీటి మీదే పడింది. పెళ్లిలో డ్రమ్ముల్లో నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చారో కూడా రాసుకోండి.

రెండో అడుగు: ఒక్క ప్రశ్న

"ఈ బ్యాక్టీరియా జీనోమ్ గురించి అధ్యయనం" అన్నది ప్రశ్న కాదు, టైటిల్ మాత్రమే. ప్రశ్న అంటే ఇలా ఉండాలి: రోగుల్లో దొరికిన విబ్రియో, మిగిలిపోయిన రొయ్యల్లో దొరికిన విబ్రియో ఒకే తల్లి బిడ్డలా? లేదా: మన మార్కెట్ రొయ్యల్లో ఉన్న విబ్రియోల్లో మనిషికి జబ్బు చేసే జన్యువు ఎన్నింటికి ఉంది? ఈ రెండోదానికి జీనోమ్ మొత్తం చదవాల్సిన పని కూడా లేదు, పీసీఆర్ (కావాల్సిన డీఎన్‌ఏ ముక్కకి మాత్రమే లెక్కలేనన్ని నకళ్లు తీసి పట్టుకునే పరీక్ష) చాలు. దానికి మూడు లక్షలు ఖర్చుపెట్టే ప్రపోజల్ రాసుకొస్తే నేను చించేస్తాను.

ఏ బ్యాక్టీరియాను ఎంచుకుంటున్నారో దాన్ని బట్టి పని బరువు మారుతుంది. కాంపిలోబాక్టర్ జెజునై జీనోమ్ చిన్నది, దాదాపు 16 లక్షల అక్షరాలు. సాల్మొనెల్లాకి 48 లక్షల దాకా. ల్యాబ్ ఈ కొలై కే-12కి 46 లక్షలైతే, రక్త విరేచనాలు చేయించే ఓ157:హెచ్7కి 55 లక్షలు. ఆ ఎక్కువ ఉన్నదాంట్లోనే చాలామటుకు దాని దుర్మార్గం ఉంది. విబ్రియోలకు రెండేసి క్రోమోజోములు. పారాహీమోలిటికస్‌కి రెండూ కలిపి దాదాపు 52 లక్షలు.

మూడో అడుగు: కాగితాలు

మనుషుల నుంచి మలం తీసుకుంటున్నారు కాబట్టి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. జబ్బులు ప్రబలాక అప్లై చేస్తే కమిటీ కూర్చునేసరికి ఊరంతా కోలుకుంటుంది. అందుకే "ఇలాంటి ఘటన వస్తే" అని ముందుగా తీసుకోండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. బయోసేఫ్టీ కమిటీకి కూడా చెప్పాలి. ఈ బ్యాక్టీరియాలన్నీ రెండో స్థాయి ల్యాబులో చేయాల్సినవి: బయోసేఫ్టీ క్యాబినెట్, గ్లోవ్స్, పనయ్యాక ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే కుక్కర్ లాంటిది). హాస్టల్ గదిలో, ఇంటి ఫ్రిజ్‌లో పెట్టే పని అసలే వద్దు.

నాలుగో అడుగు: శాంపిల్

ఇక్కడ తొందరపడకండి. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేని తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

వైద్యం ముందు, శాంపిల్ తర్వాత. శాంపిల్ కోసం సెలైన్ ఆలస్యం చేయకూడదు. కానీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే మలం దొరికితే మంచిది. ఒక్క డోసు పడ్డాక ప్లేటు ఖాళీగా రావచ్చు. మా వైపు ఇంకో చిక్కుంది: జనం మందుల షాపుకి వెళ్లి "మోషన్స్ బిళ్ల" అడిగి వేసుకునే వస్తారు. "మందేమైనా వేసుకున్నారా?" అంటే లేదంటారు. "బిళ్లేమైనా?" అంటే జేబులోంచి స్ట్రిప్ తీసి చూపిస్తారు.

మలం ఒక చెంచాడు వెడల్పు మూతి డబ్బాలోకి, లేదంటే దూది పుల్లను మలంలో ముంచి కేరీ-బ్లెయిర్ మీడియం (దారిలో బ్యాక్టీరియా చావకుండా ఉంచే పదార్థం) ఉన్న గొట్టంలోకి. విబ్రియో కోసమైతే ఆ గొట్టం గది వేడిలో ఉన్నా ఫరవాలేదు. కాంపిలోబాక్టర్ కోసమైతే చల్లగా ఉంచాలి. దేనికోసమో తెలియనప్పుడు రెండు గొట్టాలు తీసుకోండి, ఒకటి బయట, ఒకటి ఐస్ బాక్స్‌లో.

మిగిలిన తిండి విషయంలో జనం చేసే పొరపాటు, రొయ్యల్ని ఐసు గడ్డల మీద పోసెయ్యడం. విబ్రియోకి చలి పడదు. 7 నుంచి 10 డిగ్రీల మధ్య, ఐసుకి నేరుగా తగలకుండా, కవర్లో పెట్టి మధ్యలో మడిచిన పేపరు వేసి తేవాలి. వేపుడే కాకుండా పచ్చి రొయ్యలు మిగిలితే అవి, కడిగిన గంప, కోసిన చెక్క, వంటమనిషి చేతి తుడుపు కూడా అడగండి. వేపుడు పొయ్యి మీద ఉన్నంతసేపు విబ్రియో బతకదు. దింపాక పచ్చి రొయ్యలు పోసిన పళ్లెంలోనే మళ్లీ పోశారా అన్నదే అసలు ప్రశ్న. ఎండ వేళ, అనుకూలమైన వేడిలో ఇది పది నిమిషాల్లోపే రెండింతలవుతుంది. ఒంటిగంట భోజనానికి పదింటికే దింపారంటే లెక్క మీరే వేసుకోండి.

ఇక లేబుల్. ఒకసారి ఇరవై రెండు గొట్టాలు మార్కర్‌తో చక్కగా రాసుకుని తెచ్చాను. క్యాబినెట్‌లో పెట్టే ముందు అలవాటుగా స్పిరిట్ దూదితో తుడిచాను. మూడో గొట్టం దాటాక చూస్తే దూది నల్లగా ఉంది, గొట్టాలు తెల్లగా ఉన్నాయి. ఆ మూడు ఎవరివో ఈ రోజుకీ తెలియదు. అప్పట్నుంచి కాగితం టేపు మీద పెన్సిల్‌తో రాస్తున్నాను. స్పిరిట్‌కి, నీళ్లకి, ఐసుకి పెన్సిల్ రాత చెరగదు.

నోట్‌బుక్‌లో ప్రతి శాంపిల్‌కి ఇవి ఉండాలి: కోడ్ నంబరు, తేదీ, గంట, వయసు, ఆడా మగా, ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైంది, జ్వరం, రక్తం, వేసుకున్న మందులు, శాంపిల్ తీసిన గంట, ల్యాబుకి చేరిన గంట. పేరు ఇందులో వద్దు. పేరుకీ కోడ్‌కీ లంకె ఉన్న కాగితం వేరే తాళంలో ఉండాలి. ఏం తినలేదో కూడా అడగండి. రొయ్యలు తినని మామ్మకి బేదులు కాలేదన్నది, తిన్న పదిమందికి అయ్యాయన్నంత విలువైన మాట.

అయిదో అడుగు: పెంచడం

రొయ్యలైతే 25 గ్రాములు, 225 మి.లీ. ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో. అది క్షారంగా, పీహెచ్ 8.5 దగ్గర ఉండాలి, 2 నుంచి 3 శాతం ఉప్పు ఉండాలి. 37 డిగ్రీల దగ్గర ఆరు గంటలు. కుదపకుండా, పైపొర నుంచి లూప్‌తో (చివర చిన్న వలయం ఉన్న తీగ) తీసుకోండి. విబ్రియోలు గాలి కోసం పైకి చేరతాయి, మిగతావి కింద కుస్తీ పడుతుంటాయి.

దాన్ని టీసీబీఎస్ అనే, విబ్రియోలను ఏరి పెంచే మీడియం పోసిన ప్లేటు మీద స్ట్రీక్ చేయాలి, అంటే గీతలుగా పూయాలి. ఈ మీడియంని మరిగిస్తే చాలు, ఆటోక్లేవ్ చేయకూడదు. కొత్తగా చేరిన పిల్లలందరూ ఒక్కసారైనా ఆటోక్లేవ్ చేసి పాడుచేస్తారు, అదొక దీక్ష లాంటిది.

18 నుంచి 24 గంటల తర్వాత ప్లేటు తీసి కిటికీ వెలుతురు దగ్గర పట్టుకోండి. ముదురాకుపచ్చ మీడియం మీద పసుపురంగు గుండ్రటి కాలనీలు (ఒక్కో బ్యాక్టీరియా పెరిగి గుంపైన చుక్కలు), వాటి చుట్టూ మీడియం కూడా పసుపెక్కి ఉంటే అది చక్కెరను తిని పులియబెట్టే జాతి. కలరా విబ్రియో అందులోనిదే. మీడియం రంగు మారకుండా, నీలిమ కలిసిన ఆకుపచ్చ కాలనీలు, నడిమధ్య కాస్త ముదురుగా, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే పారాహీమోలిటికస్ కావచ్చు. రెండో రోజుకి వదిలేస్తే పసుపువి కూడా ఆకుపచ్చకి తిరగొచ్చు. ఆదివారం కదా, సోమవారం చూద్దాం అనుకున్నవాళ్లు ఇక్కడ మోసపోతారు.

ఒక ప్లేటు నుంచి ఒక్క కాలనీ తీసుకుని తృప్తి పడొద్దు. సముద్రపు రొయ్యలో ఒకే జాతికి చెందిన పది రకాల విబ్రియోలు కలిసి కాపురం చేస్తాయి. మీకు దొరికిన ఒక్కటి రోగిని పడగొట్టినదే అవుతుందన్న నమ్మకం లేదు. తిండి శాంపిల్ నుంచి కనీసం అయిదు నుంచి పది, రోగి నుంచి మూడు నుంచి అయిదు కాలనీలు తీసి, ఉప్పు వేసిన మామూలు అగార్ మీద మళ్లీ మళ్లీ స్ట్రీక్ చేసి శుద్ధి చేయండి. విబ్రియోను గుర్తుపట్టడానికి చేసే ఆక్సిడేజ్ పరీక్ష ఈ రెండో ప్లేటు నుంచే చేయాలి, టీసీబీఎస్ మీంచి చేస్తే ఫలితం తప్పుతుంది. ఉప్పు పరీక్ష మర్చిపోకండి: ఉప్పు బొత్తిగా లేని పెప్టోన్ నీళ్లలో పారాహీమోలిటికస్ పెరగదు, కలరా విబ్రియో పెరుగుతుంది. పది రూపాయల పరీక్ష, చాలా గొడవ తీరుస్తుంది.

సాల్మొనెల్లా వెతికేవాళ్లకి దారి వేరు: బఫర్డ్ పెప్టోన్ నీళ్లలో ఒక రాత్రి, రాపాపోర్ట్ ద్రవంలో ఇంకో రోజు, తర్వాత ఎక్స్ఎల్‌డీ ప్లేటు మీద నల్లబొట్టు పెట్టుకున్న ఎర్ర కాలనీలు. కాంపిలోబాక్టర్‌కి 42 డిగ్రీలు, 5 శాతమే ఆక్సిజన్, 48 గంటల ఓపిక కావాలి. మొదటి ప్రాజెక్టుకి దాన్ని ఎంచుకోకండి.

ఆరో అడుగు: దాచడం

శుద్ధి చేసిన ప్రతి కాలనీని 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచమని పుస్తకాలు చెప్తాయి. సరే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కరెంటు రోజుల తరబడి రాలేదు. జనరేటర్ డీజిల్ ముందు మనుషులకి, తర్వాత కదా బ్యాక్టీరియాకి. ఫ్రీజర్‌లోవి చాలా పోయాయి. అలమరాలో చీకట్లో, చిన్న గొట్టాల్లో మెత్తటి అగార్‌లోకి సూదితో గుచ్చి మూత బిగించి పెట్టిన పాత పద్ధతి నకళ్లు బతికాయి. ఆ పద్ధతికి కరెంటు అక్కర్లేదు. విబ్రియోలను ఎప్పుడూ రెండు చోట్ల, రెండు పద్ధతుల్లో దాచండి.

ఏడో అడుగు: పీసీఆర్

జీనోమ్ చదవడానికి పంపే ముందు ఏవి పంపదగ్గవో పీసీఆర్‌తో ఏరుకోవాలి. పారాహీమోలిటికస్‌కి మూడు జన్యువులు చూస్తారు. టీఎల్‌హెచ్ ఈ జాతి గుర్తు, దాదాపు అన్నింటికీ ఉంటుంది. టీడీహెచ్, టీఆర్‌హెచ్ మనిషికి జబ్బు చేసేవాటిలో కనిపించే విషపు జన్యువులు. రోగుల నుంచి వచ్చినవాటిలో ఎక్కువగా టీడీహెచ్ ఉంటుంది. నీళ్లలో, రొయ్యల్లో దొరికేవాటిలో ఇది చాలా కొద్దివాటికే ఉంటుంది. మార్కెట్లో విబ్రియో దొరికిందని పేపరు వాళ్లకి ఫోన్ చేయొద్దని నేను చెప్పేది అందుకే. సముద్రపు రొయ్యల్లో అది తరచూ ఉండేదే.

డీఎన్‌ఏ తీయడానికి మరిగించడం చాలు. రాత్రంతా పెంచిన ద్రవం ఒక మి.లీ. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగినదాన్ని 200 మైక్రోలీటర్ల శుద్ధమైన నీళ్లలో కలిపి, పది నిమిషాలు 100 డిగ్రీల దగ్గర ఉంచి, వెంటనే ఐసులో పెట్టి, మళ్లీ తిప్పి పై నీళ్లు తీసుకోండి. బాసిల్లస్ సీరియస్ లాంటి మందపాటి గోడ ఉన్నవాటికి ఇది సరిపోదు, ముందు లైసోజైమ్ వేయాలి.

వాడుకలో ఉన్న ప్రైమర్లతో (కావాల్సిన ముక్క రెండు చివర్లను పట్టే పొట్టి డీఎన్‌ఏలు) టీఎల్‌హెచ్ ముక్క 450 అక్షర జతలు, టీడీహెచ్ 269, టీఆర్‌హెచ్ 500 జతల పొడవు వస్తాయి. మొదటిసారి చేసే పిల్లలు 450కీ 500కీ తేడా తెలియక కొట్టుకుంటారు. జెల్ (కరెంటుతో డీఎన్‌ఏ ముక్కలను పొడవు వారీగా విడదీసే పలక) చిన్నదైతే, సగం దూరం పరిగెత్తించి ఆపేస్తే రెండూ ఒకే గీతలా కనిపిస్తాయి. 2 శాతం అగరోస్ పోయండి, నీలిరంగు ముప్పాతిక దూరం వెళ్లేదాకా ఆపకండి. అప్పటికి 269 ఒంటరిగా బాగా కిందికి దిగిపోతుంది, పై రెండూ విడిపడతాయి.

ప్రతి పరుగులో మూడు అదనపు గొట్టాలు: తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగెటివ్, డీఎన్‌ఏ బదులు ఉత్త నీళ్లు. ఒక ఏడాది మాకు ఉత్త నీళ్ల గొట్టంలో 269 గీత వచ్చింది. పాలిపోయిన గీతే. "లైట్ తీసుకుందాం సార్" అన్నాడు మా కుర్రాడు. తీసుకోలేదు. జెల్‌లో నమూనాలు పోసే పిపెట్‌తోనే పీసీఆర్ మిశ్రమం కలిపాడని రెండు రోజులకి తేలింది. ఆ వారం ఫలితాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి. కలిపే గది, జెల్ గది, పిపెట్లు, వీలైతే కోట్లు కూడా వేరువేరుగా ఉంచుకోండి.

సాల్మొనెల్లాకి ఇన్వ్‌ఏ జన్యువు, 284 జతల ముక్క, ప్రపంచమంతా ఇదే. షిగెల్లాకి వాడే ఐపీఏహెచ్ జన్యువు ఒక రకం ఈ కొలైలో కూడా ఉంటుంది. జన్యువులు చూస్తే ఆ రెండూ ఒకే కుటుంబం, పేర్లు వేరు పెట్టింది మనమే.

ఎనిమిదో అడుగు: సీక్వెన్సింగ్‌కి పంపడం

మరిగించిన డీఎన్‌ఏ దీనికి పనికిరాదు. కాలమ్ కిట్‌తో శుద్ధి చేసింది కావాలి. శుద్ధిని చెప్పే 260/280 నిష్పత్తి 1.8కీ 2.0కీ మధ్య ఉండాలి. పరిమాణం మాత్రం నానోడ్రాప్ అనే కొలత యంత్రం చెప్పింది నమ్మకండి, అది ఆర్‌ఎన్‌ఏని కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది. డీఎన్‌ఏని మాత్రమే కొలిచే క్యూబిట్ ఉన్నచోటికి ఒక బస్సు టికెట్ పెట్టుకుని వెళ్లొచ్చినా లాభమే.

ఎంత చదివించాలో మీరే లెక్క కట్టి చెప్పాలి, లేకపోతే అక్కర్లేని ప్యాకేజీ అంటగడతారు. జీనోమ్ 52 లక్షల అక్షరాలు. ప్రతి అక్షరం సగటున 50 సార్లు చదవాలంటే 26 కోట్ల అక్షరాలు. ఇల్యుమినా మెషిన్ ఒక్కో డీఎన్‌ఏ ముక్కను రెండు చివర్ల నుంచి 150, 150 జతగా, మొత్తం 300 అక్షరాలు చదువుతుంది. 26 కోట్లను 300తో భాగిస్తే దాదాపు 8.7 లక్షల జతలు. అంతే అడగండి. ప్లాస్మిడ్లు (క్రోమోజోము బయట ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలు) పూర్తిగా కావాలంటే ఒకటి రెండింటికి నానోపోర్‌తో పొడుగాటి చదువు కూడా కలపండి. డీఎన్‌ఏని ఐసు ప్యాకులతో కొరియర్ చేయొచ్చు. బతికున్న బ్యాక్టీరియాను మాత్రం మామూలు కొరియర్ డబ్బాలో పెట్టకూడదు, దానికి మూడు పొరల ప్యాకింగ్ నియమాలున్నాయి.

తొమ్మిదో అడుగు: కంప్యూటర్ ముందు

వచ్చిన ఫైళ్లను చూసి భయపడనక్కర్లేదు. యాభై పంచాంగాలు కొని, అన్నింటినీ చిన్న చిన్న ముక్కలుగా చింపి కుప్ప పోసి, ఒక్క పంచాంగం అతికించమంటే ఎలా ఉంటుందో ఇది అలాంటిది. ముక్కల అంచులు ఒకదాని మీదొకటి పడతాయి కాబట్టి అతికించొచ్చు. "వర్జ్యం", "దుర్ముహూర్తం" అని ప్రతి పేజీలోనూ వచ్చే మాటలున్న ముక్కలు మాత్రం ఏ పేజీవో తేలవు. జీనోమ్‌లో కూడా పదేపదే వచ్చే భాగాల దగ్గర అతుకు తెగిపోతుంది. అందుకే మీకు రెండు క్రోమోజోములకు బదులు వంద ముక్కలు వస్తాయి. అది తప్పేం కాదు.

వరస ఇదీ, పేర్లన్నీ కంప్యూటర్ ప్రోగ్రాములవి: ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత చూడండి, ఫాస్ట్‌పీతో పాడైన చివరలు కత్తిరించండి, స్పేడ్స్‌తో అతికించండి, క్వాస్ట్‌తో కొలవండి. మొత్తం పొడవు 50 నుంచి 54 లక్షల మధ్య వస్తే ఊపిరి పీల్చుకోండి. 90 లక్షలు వచ్చిందంటే గొట్టంలో రెండు బ్యాక్టీరియాలు ఉన్నాయని, అయిదో అడుగులో శుద్ధి సరిగ్గా చేయలేదని అర్థం. కమాండ్లు రాయడం రాకపోతే గ్యాలక్సీ అనే ఉచిత వెబ్ సర్వర్‌లో ఇవన్నీ మౌస్‌తో చేయొచ్చు, 16 జీబీ ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు.

తర్వాత ప్రొక్కాతో జన్యువులకు పేర్లు, ఎంఎల్‌ఎస్‌టీతో ఏడు జన్యువుల గుర్తింపు సంఖ్య (ఎస్‌టీ). పారాహీమోలిటికస్‌లో ఎస్‌టీ3 అని వస్తే నిటారుగా కూర్చోండి. 1996లో కలకత్తా రోగుల్లో బయటపడి ప్రపంచమంతా పాకిన ఓ3:కే6 వంశం సంఖ్య అది.

మందులకు లొంగని జన్యువుల కోసం ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్ నడపండి. ఇక్కడ ఉత్సాహం అదుపులో ఉంచుకోవాలి. ఈ విబ్రియోలో బీఎల్‌ఏ-కార్బ్ అనే జన్యువు పుట్టుకతోనే ఉంటుంది, ఆంపిసిల్లిన్‌కి అది ఎప్పట్నుంచో లొంగదు. దాన్ని చూసి "సిక్కోలులో సూపర్‌బగ్" అని రాసేస్తే నవ్వులపాలవుతారు. జన్యువు కనిపించిన ప్రతి మందుకీ ముల్లర్-హింటన్ ప్లేటు మీద మందు బిళ్ల పెట్టి, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కొలవండి. రెండూ కలిస్తేనే రాయండి.

పదో అడుగు: చెట్టు చదవడం

ఇప్పుడు అసలు ప్రశ్న. రోగి విబ్రియో, రొయ్య విబ్రియో ఒకే తల్లి బిడ్డలా? స్నిపీతో ఒక్కో అక్షరం తేడాలు లెక్కపెట్టి, ఐక్యూ-ట్రీతో వంశవృక్షం గీస్తారు. ఈ మధ్యలో గబ్బిన్స్ నడపకుండా దాటొద్దు. విబ్రియోలు పక్కవాళ్ల నుంచి డీఎన్‌ఏ ముక్కలు ముక్కలుగా అరువు తెచ్చుకుంటాయి. అలా ఒక్కసారి వచ్చిన ముక్కలో రెండొందల తేడాలుంటే, అవి రెండొందల వేర్వేరు మార్పుల్లా లెక్కలోకొచ్చి దగ్గరి చుట్టాలను దూరం చేస్తాయి. గబ్బిన్స్ ఆ అరువు ముక్కలను పక్కన పెడుతుంది.

చెట్టులో మీ పెళ్లివాళ్లని మాత్రమే పెడితే అంతా దగ్గరివాళ్లలాగే కనిపిస్తారు. అదే మార్కెట్ నుంచి వేరే నెలలో తెచ్చినవి, విజయనగరం వైపు చింతపల్లి తీరం నుంచి తెచ్చినవి, డేటాబేసుల్లో ఉన్న వేరే రాష్ట్రాలవి, వేరే దేశాలవి కూడా కలపండి. అప్పుడు రోగుల ఏడు, రొయ్యల్లో రెండు ఒక కొమ్మకి అతుక్కుని, మిగతావి వేలాది అక్షరాల దూరంలో ఉంటే ఒకే తల్లి బిడ్డలన్న మాటకి బలం ఉంటుంది. కొమ్మల చివర్లు పైనుంచి కిందికి ఏ వరసలో ఉన్నాయన్నదానికి అర్థం లేదు. పక్కపక్కన ఉన్నాయని చుట్టాలనుకోకండి, వెనక్కి నడిచి కొమ్మ ఎక్కడ కలుస్తుందో చూడండి. "ఎన్ని తేడాలుంటే ఒకటే అనొచ్చు సార్?" అని తప్పక అడుగుతారు. అన్నింటికీ పనికొచ్చే సంఖ్య లేదు. రెండు మూడు తేడాలైతే ఒకటేనన్న అనుమానం గట్టిది, వందలైతే కాదు. మధ్యలో ఉన్నప్పుడు నోట్‌బుక్ తెరవాలి: రొయ్యలు తిన్నారా, ఎప్పుడు తిన్నారు, వేపుడా, పచ్చి గంప దగ్గర పనిచేశారా.

2011లో జర్మనీలో ఇదే పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. రక్త విరేచనాలు, కిడ్నీలు పాడవడం. దాదాపు 4 వేల మంది జబ్బు పడ్డారు, 50 మందికి పైగా పోయారు. మొదట స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది. ఆ దోసకాయల్లో విషపు ఈ కొలై దొరికిన మాట నిజమే, కానీ అది వేరే రకం. రోగుల్లో ఉన్నది ఓ104:హెచ్4. ఈలోగా స్పెయిన్ రైతుల పంట కుప్పలుగా పారబోయాల్సి వచ్చింది. చివరికి మూలం మొలకల దగ్గర తేలింది, అవీ ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మొలకలు. జీనోమ్‌ని కొద్ది రోజుల్లోనే చదివేశారు. అది ఏ రకమో జీనోమ్ చెప్పింది. మొలకల దాకా తీసుకెళ్లింది మాత్రం ఎవరు ఏ హోటల్లో ఏం తిన్నారో ఓపిగ్గా అడిగినవాళ్లే.

పదకొండో అడుగు: ఎవరికి చెప్పాలి

ఫలితం ముందు జిల్లాలో జబ్బుల నిఘా విభాగానికి, పిలిచిన పీహెచ్‌సీ డాక్టరుకి. తర్వాతే కాన్ఫరెన్సు. ఊరి పేరు, వంటమనిషి పేరు, రొయ్యలు అమ్మిన ఆమె పేరు పరిశోధనా పత్రంలో ఎక్కడా రాకూడదు. జిల్లా పేరు, నెల చాలు. సీక్వెన్స్ ఫైళ్లు ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లోనో, అంతర్జాతీయ డేటాబేసుల్లోనో పెట్టండి. అందులో తేదీ, మూలం గళ్లు ఖాళీగా వదిలితే రేపు ఒడిశా తీరంలో ఎవరో ఇదే వంశం పట్టుకున్నప్పుడు మీది వాళ్లకి పనికిరాదు.

ఆ ఊరికి మళ్లీ ఒకసారి వెళ్లండి. శాంపిల్ ఇచ్చినవాళ్లు అడుగుతారు, "ఏటి తేలింది బాబూ?" అని. అప్పుడు ఎస్‌టీ3 అనకండి. "వేపుడు మంచిదే మామ్మా, దింపాక పచ్చి రొయ్యల పళ్లెంలోనే పోశారు" అని చెప్పండి.